ఎఱ్ఱదీపము – మన పశువులు

గడచిన కొన్ని నెలలుగా సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు మమ్ము నొక ప్రశ్న యడుగుచున్నారు. పట్టణములలో పెంపుడు కుక్కలకును పిల్లులకును ఎఱ్ఱని దీపము పట్టి కీళ్ళనొప్పులు తగ్గించుచున్నారట. పుండ్లు త్వరగా మానునట్లు చేయుచున్నారట. అట్టి దీపము మన యావులకును, దూడలకును, కాపలాకుక్కలకును పనికివచ్చునా? పనికివచ్చునేని సంఘము తరఫున నొకటి కొని యుంచిన మేలు కాదా? ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. తొందరపడి ఔనని చెప్పదగినదియు కాదు. వానలు మొగము చాటువేసిన యేట వేరుసెనగ యెండిపోయినను, ధర లేక టమాటాలు తోటలోనే కుళ్ళినను, మన యిండ్లను నిలుపునది పాలబిల్లే యని యెల్లరెఱిగిన సంగతి. కావున పశువు దేహమునకు సంబంధించిన యే క్రొత్త విద్యనైనను రైతు తెలిసి వాడవలెనే గాని వినికిడిని నమ్మి వాడరాదు.

ఒక యావు సంగతి

మాకు తెలిసిన సభ్యు డొకరికి సంకరజాతి జెర్సీ యావు గలదు. ఈని రెండు నెలలై, పూటకు అయిదు లీటర్ల చొప్పున పాలిచ్చుచుండెను. ఒకనాటి యుదయమున అది వెనుక కుడికాలు నేల మోపలేక కుంటుచు లేచెను. కాలికీలు కొంచెము వాచినట్లు కన్పట్టెను. పట్టణమున ఉద్యోగము చేయు కుమారుడు తన కుక్కకై కొనిన ఎఱ్ఱదీపమును తెచ్చి తండ్రి చేతి కిచ్చెను. ఆ రైతు శ్రద్ధ గలవాడు. ఉదయము పది నిమిషములు, సాయంకాలము పది నిమిషములు తప్పక ఆ కీలునకు దీపము పట్టెను. మొదటి మూడు దినములు కొంత నయమైనట్లు తోచెను. అట్లు పదునెనిమిది దినములు గడచినవి. ఆవు మేత తగ్గించెను. పాలు సగమునకు పడిపోయెను. పండుకొనిన చోటినుండి లేచుటయే కష్టమయ్యెను.

అప్పుడు పశువైద్యుని పిలిపించిరి. ఆయన కీలు జోలికి పోలేదు. ముందుగా కాలెత్తించి, గిట్ట కడిగించి, కత్తితో అడుగు చెక్కి చూచెను. గిట్ట యడుగున సర్కారుతుమ్మ ముల్లు విఱిగి లోన నిలిచియుండెను. చీము వెడలెను. శుభ్రము చేసి, కట్టు కట్టి, సూదిమందు వేసి, మందు ప్రభావము తీరువఱకు పాలు కేంద్రమునకు పోయరాదని హెచ్చరించి ఆయన వెడలెను. పది దినములలో ఆవు నడచినది గాని ఆ యీతకు పాలు మునుపటి కొలతకు రాలేదు.

దీపము పట్టినది కీలునకు, ముల్లున్నది గిట్టలో. దీపమునందు దోషము లేదు. రైతునందు శ్రద్ధాలోపమును లేదు. రోగ మెక్కడ నున్నదో తెలియకముందే చికిత్స మొదలిడుటయే లోపము. ఈ వ్యాసమున మేము చెప్పబోవున దెల్ల ఈ యొక్క మాటకు వివరణమే.

ఎఱ్ఱదీప మన నేమి?

సూర్యకాంతియందు ఊదా మొదలు ఎఱుపు వఱకు పలు రంగులు గలవని యింద్రధనుస్సును చూచిన పిల్లవాడును చెప్పగలడు. వెలుతురు అలలవలె సాగును. ఒక్కొక్క రంగునకు అల నిడివి యొక్కొక్క తీరు. ఆ నిడివిని నానోమీటరులలో కొలుతురు. మీటరును నూఱుకోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. ఈ చికిత్సకు వాడు దీపములలో తఱచుగా రెండు విధముల వెలుతు రుండును: సుమారు 630 మొదలు 660 నానోమీటరుల వఱకు గల ఎఱుపు ఒకటి, 810 మొదలు 850 నానోమీటరుల వఱకు గల, కంటికి కనబడని పరారుణకాంతి రెండవది. రెండవది వెలుగుచున్నదో లేదో కంటికి తెలియదు గావున దానియెడ మఱింత జాగ్రత్త వలయును.

జీవి దేహమెల్ల కణములచే నిర్మితము. కణములలో మైటోకాండ్రియా యను సూక్ష్మభాగములు గలవు. ఇంటికి పొయ్యి యెట్టిదో కణమునకు ఇవి యట్టివి. తిన్న మేత సారమును శక్తిగా మార్చునవి యివియే. వీనిలో నున్న సైటోక్రోము సి ఆక్సిడేసు అను పదార్థము ఎఱ్ఱకాంతిని పీల్చుకొని పనిని వేగిరపఱచుననియు, అందుచే దెబ్బతిన్న కణములకు శక్తి హెచ్చుననియు, ఆ చోట రక్తప్రసారము పెరిగి వాపును నొప్పియు తగ్గుననియు శాస్త్రజ్ఞులలో పెక్కుమంది చెప్పు కారణము. ఎఱుపు చర్మములోనికి కొద్ది మిల్లీమీటరులు మాత్రమే దిగును. పరారుణము కొంత లోతునకు పోగలదు గాని అదియు పోయినకొలది క్షీణించుచుండును.

ఇచ్చట నొక భ్రమ తొలగించుట యవసరము. కోళ్ళు పెంచు మన సభ్యులు కోడిపిల్లల వెచ్చదనమునకై ఎఱ్ఱబల్బులు వ్రేలాడదీయుట యెల్లరు చూచినదే. ఆ బల్బు వేఱు, ఈ దీపము వేఱు. ఆ బల్బు పని వేడి నిచ్చుట. దానిని పశువు దేహమునకు దగ్గఱగా పట్టినచో చర్మము కాలును. కొట్టములో పట్టినచో వరిగడ్డి యంటుకొనును. చికిత్సదీపము ముఖ్యముగా వెలుతురుచే పనిచేయవలసినదే గాని వేడిచే గాదు. రంగొకటైనంత మాత్రమున గుణమొకటి కాదు.

ఈ విద్య పుట్టుక

వెలుతురుతో వైద్యము చేయుట నేటి మాట కాదు. డెన్మార్కు దేశపు వైద్యుడు నీల్సు ఫిన్సెన్ చర్మక్షయను వెలుతురుచే కుదుర్చు మార్గము కనుగొని 1903లో నోబెలు బహుమానము నందెను. ఆయన 1893 ప్రాంతమున మఱియొక సంగతియు చెప్పెను. మశూచి రోగులను ఎఱ్ఱని తెరలు గట్టిన గదులలో నుంచినచో పొక్కులు చీము పట్టవనియు, మచ్చలు తగ్గుననియు ఆయన తలచెను. అనేక దేశముల ఆసుపత్రులలో ఎఱ్ఱగదులు వెలసినవి. కాలక్రమమున అవి యాశించిన ఫలము నీయలేదని తేలి మూలబడినవి. మశూచిని లోకమునుండి తఱిమినది ఎఱ్ఱగది కాదు, టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మశూచి అంతరించెనని చాటినది. నోబెలు బహుమాన మందిన మహనీయుని మాటయైనను పరీక్షకు నిలిచినంతవఱకే నిలుచునని రైతుసోదరులు గమనింపవలెను.

నేటి ఎఱ్ఱదీపమునకు మూలము హంగరీ దేశమున నున్నది. 1960లో లేసరు కాంతి కనుగొనబడెను. బుడాపెస్టు నగరమున ఎండ్రే మెస్టర్ అను వైద్యుడు 1967 ప్రాంతమున చిట్టెలుకల వీపున వెండ్రుకలు గొఱిగి వానిపై బలహీనమైన ఎఱ్ఱలేసరు కాంతి పఱపి చూచెను. ఆ కాంతిచే పుట్టకురుపు పుట్టునేమో యని ఆయన పరీక్ష. కురుపు పుట్టలేదు సరిగదా, కాంతి సోకిన చోట వెండ్రుకలు త్వరగా మొలిచెను. ఆ మీదట ఆయన మానని పుండ్లపై దానిని ప్రయోగించెను. 1990 తరువాతి దశాబ్దమున అమెరికా అంతరిక్షసంస్థ యగు నాసా, అంతరిక్షమున మొక్కలు పెంచుటకై ఎఱ్ఱని ఎల్‌ఈడీ దీపములను సిద్ధపఱచగా, వానినే గాయములకు వాడి చూచు పరిశోధనయు సాగెను. లేసరు యంత్రములకంటె ఎల్‌ఈడీ దీపములు చౌక గావున వైద్యుని గదిలోని విద్య అంగడికి వచ్చెను; అంగడినుండి యింటికి వచ్చెను.

పరీక్ష లేమి తెలిపినవి?

అంగడివాడు చెప్పు మాటయు, పరీక్ష చెప్పు మాటయు వేర్వేఱు. కుక్కలపై జరిగిన పరీక్షలలో నాలుగింటిని ఇట పేర్కొందుము.

2012లో ప్రకటింపబడిన పరీక్షలో, వెన్నుపూసల నడుమ డిస్కు జాఱి నడుము పడిపోయిన 36 కుక్కలకు శస్త్రచికిత్స చేసి, కొన్నిటికి లేసరు కాంతి పట్టిరి; కొన్నిటికి పట్టలేదు. కాంతి పట్టినవి త్వరగా లేచి నడచెను. 2017లో అట్టి శస్త్రచికిత్స జరిగిన కుక్కలపైననే వేఱొక బృందము పరీక్షింపగా చెప్పుకోదగిన భేద మేమియు కనబడలేదు. 2015లో కుక్కల చర్మముపై గాయములు చేసి కొన్నిటికి కాంతి పట్టి చూడగా, పట్టినవియు పట్టనివియు ఒకే తీరున మానెను. 2018లో కెనడా పశువైద్య పత్రికలో వెలువడిన పరీక్షలో, ముందుకాలి మోచేయి కీలు అరిగి బాధపడు 20 కుక్కలను తీసికొనిరి. కాంతి పట్టిన వానికి కుంటు తగ్గినది, నొప్పిమందును తగ్గింపగలిగిరి.

వీనినిబట్టి మన కేమి తోచుచున్నది? అరిగిన కీళ్ళనొప్పికి కొంత మేలు చేయునను నాశ గలదు. పుండ్ల విషయమున సాక్ష్యము రెండు వైపుల నున్నది. పైగా ఈ పరీక్షలన్నియు వైద్యుల చేతి లేసరు యంత్రములతో జరిగినవే గాని అంగడిలో దొరకు చిన్నదీపములతో జరిగినవి కావు. ఆవులపైనను గేదెలపైనను జరిగినది మఱియు తక్కువ. కుక్క మోచేతికి పనిచేసిన దెల్ల ఆవు తుంటికి పనిచేయునని చెప్పజాలము. రెంటి దళసరి రెండు విధములు.

మంచి పరీక్షలో ఏ పశువునకు నిజమైన కాంతి పట్టిరో, దేనికి ఉత్తుత్తి దీపము పట్టిరో యజమానికి తెలియనీయరు. దీనికి కారణము గలదు. నొప్పి తనంత తాను ఒకనాడు హెచ్చుచు నొకనాడు తగ్గుచు నుండును. డబ్బు పెట్టి కొని, శ్రమపడి పట్టిన దీపము ఫలించినదని నమ్ముటకు మన మనస్సు త్వరపడును. మన సభ్యుని యావు మొదటి మూడు దినములు నయమైనట్లు తోచుట ఇట్టిదే.

మోతాదు లెక్క

యూరియా చాలనిచో పైరు పాలిపోవును. మితిమీఱినచో పైరు పడిపోవును. వెలుతురునకును అంతే. తక్కువైన ఫలము లేదు; ఎక్కువైనచో మేలు తగ్గిపోవును, ఒక్కొక్కప్పుడు కీడే కలుగును. కావున కొలత తెలియక దీపము పట్టుట, కొలపాత్ర లేక పురుగుమందు కలుపుటవంటిది.

కాంతి మోతాదును జౌలులలో కొలుతురు. చదరపు సెంటీమీటరు చర్మమునకు ఇన్ని జౌలులని లెక్క. పైపై పుండ్లకు సుమారు 2 మొదలు 4 జౌలులును, లోతైన కీళ్ళకు 8 మొదలు 10 జౌలులును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వైద్యులు వాడుదురు. దీపము శక్తిని చదరపు సెంటీమీటరునకు ఇన్ని మిల్లీవాట్లని చెప్పుదురు. ఆ మిల్లీవాట్లను సెకండ్లతో హెచ్చించి 1000 చేత భాగింపగా వచ్చినది జౌలులు.

ఒక యుదాహరణము. పుండునకు 4 జౌలులు కావలెననుకొందము. దీపము శక్తి 20 మిల్లీవాట్లైనచో 200 సెకండ్లు, అనగా 3 నిమిషముల 20 సెకండ్లు పట్టవలెను. దీపము శక్తి 5 మిల్లీవాట్లే యైనచో 800 సెకండ్లు, అనగా 13 నిమిషముల 20 సెకండ్లు కావలెను. 100 మిల్లీవాట్లైనచో 40 సెకండ్లు చాలును. ఇదిగాక, దీపము వెలుగు 10 చదరపు సెంటీమీటరుల మేర మాత్రమే పడునప్పుడు పుండు 60 చదరపు సెంటీమీటరు లున్నచో, ఆఱు చోట్ల మార్చి మార్చి పట్టవలెను. 20 మిల్లీవాట్ల దీపముతో నైనచో అది మొత్తము 20 నిమిషముల పని. ఆవు అంతసేపు కదలక నిలుచునా యన్నది రైతే చెప్పవలెను.

దీనినిబట్టి "ప్రతిదినము పది నిమిషములు పట్టుము" అను మాటకు దీపము శక్తి తెలియనిదే అర్థము లేదని తేలుచున్నది. పెట్టెమీద అల నిడివియు, చదరపు సెంటీమీటరునకు శక్తియు, ఎంత దూరమున పట్టినప్పు డా శక్తి యుండునో ఆ దూరమును ముద్రింపని దీపమును కొనకుండుటే మేలు. వైద్యులు వాడు నాలుగవ తరగతి లేసరు యంత్రములు వేఱు. అవి అర వాటునకు మించిన శక్తి గలవి. నేర్పు లేని చేతిలో చర్మమును కాల్చును, కంటిని చెఱచును. వాని నింట వాడరాదు.

మన పశువులకు పట్టునపుడు

కుక్కపిల్లకు చెప్పిన లెక్క గేదెకు చెల్లదు. నల్లని వెండ్రుకలును నల్లని చర్మమును వెలుతురును పైపైననే పీల్చుకొని వేడియెక్కును. లోపలికి పోవునది స్వల్పము. కావున గేదెకును నల్లమేకకును దీపము పట్టునపుడు చర్మముపై చేయి యుంచి వేడి చూచుచుండవలెను. ఏ పశువునకైనను ఆ చోటి వెండ్రుకలు కత్తిరించి, పేడయు మట్టియు కడిగి, తడి తుడిచి పట్టవలెను. మందుపూత, నూనె, పసుపు పూసిన చోట పట్టినచో వెలుతురు పూతవద్దనే నిలిచిపోవును. పశువు కన్నులలోనికిని, పట్టువాని కన్నులలోనికిని వెలుగు సూటిగా పడరాదు.

మన పుంగనూరు ఆవుల సంగతియు నొక మాట చెప్పవలసియున్నది. మూడడుగుల యెత్తున ముచ్చటగా నుండు ఈ జాతిని పలమనేరులోని పశుపరిశోధన స్థానమున కాపాడుచున్నారు. ఇటీవల పట్టణములలో కలవారు వీనిని కుక్కపిల్లలవలె ఇంట పెంచుకొనుచున్నారు. నున్నని బండలపై నిలుచు ఆవునకు కాలు జాఱుట సహజము. నడక లేనిదానికి గిట్టలు పెరిగి వంకరపోవుటయు సహజము. అట్టి యావు కుంటినచో ముందు నేల మార్చవలెను, గిట్ట చెక్కింపవలెను, దినమున కింత నడిపింపవలెను. ఇవి చేయక దీపము పట్టుట గండి పూడ్చక చెఱువునకు నీరు మళ్ళించుటయే. అట్లే కాడిపుండు పడిన యెద్దునకు కాడి దింపి విశ్రాంతి నీయక ఎంత దీపము పట్టినను పుండు మానదు.

మఱియొక విషయము మన ప్రాంతమునకు ముఖ్యమైనది. కొండవాలుల మేయు పశువులు మేత కఱవైనప్పుడు లాంటానా కంపను మేయును. దాని విషముచే కాలేయము చెడి, దేహమున నొక పదార్థము నిలువయై, వెలుతురు సోకినచోట చర్మము, ముఖ్యముగా తెల్లని భాగములందు, ఎఱ్ఱబాఱి పొరలుగా నూడును. చూచుటకు కాలిన పుండువలె నుండును. అట్టి పశువునకు కావలసినది వెలుతురు కాదు, నీడ. చీకటిగల కొట్టమున కట్టి వెంటనే వైద్యుని పిలువవలెను. పుండు గదా యని దీపము పట్టినచో అగ్నికి ఆజ్యము పోసినట్లగును.

పట్టరాని చోట్లు

చూడి పశువు కడుపుపైనను, కన్నులపైనను, గడ్డలపైనను, పుట్టకురుపని యనుమానమున్న చోటనైనను, రక్తము కాఱుచున్న గాయముపైనను, ఎదుగు దూడల కీళ్ళ కొనలపైనను, గొంతు ముందుభాగమున నున్న థైరాయిడు గ్రంథిపైనను దీపము పట్టరాదు. వెలుతురునకు చర్మమును సున్నితము చేయు మందులు వాడుచున్నప్పుడును పట్టరాదు. గడ్డ యెట్టిదో తేల్చుట వైద్యుని పని. కన్నుతో చూచి మంచిగడ్డ, చెడ్డగడ్డ యని చెప్పుట యెవరి తరమును కాదు.

కాలహరణమే ప్రాణహరణము

మాకు గల పెద్ద భయము దీపము చేయు కీడును గూర్చి కాదు; దీపము పేర పోవు దినములను గూర్చి. తొలకరి వానలకు బలిసిన పడ్డ యొకటి హఠాత్తుగా కుంటి, తొడ వాచి, ఒత్తిన కరకరమను చప్పుడైనచో అది జబ్బవాపు. ఒకటి రెండు దినములలో ప్రాణము తీయును. గొంతు వాచి గురక పెట్టుచు జ్వరముతో నిలిచినచో అది గొంతువాపు. నోట చొంగ కాఱ్చుచు గిట్టల నడుమ పుండ్లతో కుంటినచో గాలికుంటు. పొదుగు గట్టిపడి వేడియై పాలు విఱిగినచో పొదుగువాపు. ఒంటినిండ బుడిపెలు లేచినచో 2022లో దేశమున అనేక రాష్ట్రముల పశువులను పీడించిన లంపీ చర్మవ్యాధి. వీనిలో నే యొక్కదానికిని ఎఱ్ఱదీపము మందు కాదు. కొన్నిటికి వెంటనే సూదిమందు. అన్నిటికంటె ముందు వానికి తగిన టీకా లేక పరిశుభ్రత. గాలికుంటునకు 2019లో ఆరంభమైన జాతీయ పథకము క్రింద ఆఱు నెలల కొకమాఱు ఉచితముగా టీకా వేయుచున్నారు. ఆ దినమున పశువును కట్టివేసి యుంచుట దీపము కొనుటకంటె వేయిరెట్లు లాభము. రిండర్‌పెస్టు అను పశువుల మహామారి 2011లో లోకమునుండి తొలగెనని ప్రకటింపబడినదన్నను అది టీకాల చలువయే.

కాపలాకుక్కల విషయమున మఱింత జాగ్రత్త వలయును. ఊరకుక్క కఱచిన గాయముతో మన కుక్క ఇల్లు చేరినచో దీపము వెదకరాదు. పిచ్చికుక్క రోగపు విషమును ఎఱ్ఱదీపము చంపజాలదు. చేతులకు తొడుగులు వేసికొని, సబ్బునీటితో గాయమును బాగుగా కడిగి, ఆ దినముననే పశువైద్యునికి చూపవలెను. మనిషిని కఱచినను, గీఱినను, గాయమును పదునైదు నిమిషములు ధారనీటిలో సబ్బుతో కడిగి, ఆలస్యము లేక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఈ రోగము పైకి తేలినదా, దాదాపు మందు లేదు.

మఱి దీపమువలన లాభమే లేదా యని యందురేమో. మన పల్లెలలో కుంటి పశువునకు కఱ్ఱు కాల్చి వాతలు పెట్టు నలవాటు నేటికిని కొన్ని చోట్ల మిగిలియున్నది. వాత వలన పాతనొప్పి తోడ క్రొత్తపుండు చేరును, చర్మము చెడును, నోరులేని జీవము బాధపడును. ముసలియెద్దు కీలునొప్పికి, వైద్యుడు చూచి ఇది అరుగుదలయే యని తేల్చిన మీదట, సరియైన కొలతతో దీపము పట్టుట వాత పెట్టుటకంటె ఎన్నియో మడుగులు మేలు. దానివలన ఆ పశువున కేమాత్రము సుఖము కలిగినను సంతోషమే.

సంఘము కొనవచ్చునా?

తుదకు మొదటి ప్రశ్నకు వచ్చెదము. ఇంటింటను వేల రూపాయలు పోసి తలకొక దీపము కొనుట వృథావ్యయము. సంఘము కొనదలచినను ముందు చేయవలసిన పనులు గలవు. తిరుపతిలో 1955లో వెలసిన పశువైద్య కళాశాల నేడు 2005లో నేర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమున భాగముగా మన ముంగిటనే యున్నది. 2022లో చిత్తూరు, తిరుపతి వేఱు జిల్లాలైనను ఆ విద్యాలయము రెంటికిని దగ్గఱదే. అట్టి చోటి వైద్యుల సలహా గైకొని, ఏ దీపము, ఏ రోగమునకు, ఎంత మోతాదు అన్నది వ్రాయించుకొని, ఆ మీదటనే కొనుట యుక్తము. కొనినచో నది సంఘమున నుండవలెను. వైద్యుని చీటి లేనిదే యెవరికిని ఈయరాదు. ఏ పశువునకు, ఏ చోట, ఎన్ని దినములు పట్టిరో, ఫలమేమో చిట్టాలో వ్రాయవలెను. పట్టకముందు కుంటు ఎట్లున్నదియు, పట్టిన పిమ్మట ఎట్లున్నదియు ఇరుగుపొరుగు వారొకరు చూచి చెప్పినచో మన మనస్సు మనలను మోసగింపజాలదు. పది దినములలో మార్పు లేనిచో దీపము మాని మరల వైద్యుని కడకు పోవలెను.

కాని మాకు తోచిన మాట నిష్కర్షగా చెప్పవలెనన్నచో, ఉమ్మడి శ్రేయోనిధిలో నున్న ధనము పరిమితము. కాలెత్తి కట్టుటకు గట్టి కఱ్ఱల బోను నొకటి, గిట్ట చెక్కు పదునైన కత్తులు, జ్వరము చూచు ధర్మామీటరులు, పొదుగువాపును తొలినాడే పసిగట్టు పరీక్షసామగ్రి – ఇవి మన సంఘమున నున్నవా? లేనిచో మొదట నివి కొనుడు. దీపము తరువాతి మాట. ఆ బోనే ఉండియుండినచో, ఆ కత్తియే ఉండియుండినచో మన సభ్యుని యావు తొలినాడే నడచియుండెడిది. పదునెనిమిది దినముల పాలు నిలిచియుండెడివి.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసిన వరుస యిది: మొదట పశువును తేఱిపాఱ చూచుట, కుంటినచో గిట్టతో మొదలిడుట, జ్వరము కొలుచుట, గ్రామమున పశుసంవర్ధక సహాయకునికి తెలుపుట, లేదా 1962 సంఖ్యకు టెలిఫోను చేసి సంచార పశువైద్య వాహనమును పిలుచుట, రోగము తేలిన పిమ్మట మందు, మందుతోపాటు వైద్యుడు వలెనన్నచో దీపము. ఈ వరుస తలక్రిందులు చేయనంతవఱకు ఎఱ్ఱదీపము మనకు శత్రువు కాదు.

రాత్రివేళ కొట్టములో ఏదేని అలికిడియైనచో మనము లాంతరు పట్టుకొని పోవుట ఎందులకు? పశువును చూచుటకు. దీపము మొదటి ప్రయోజన మదియే. రైతుసోదరులు ఆ దీపము నెన్నడును మఱువకుందురు గాక.